వేట మిగిల్చిన ఆట

పెంపుడు కుక్కకు రెండు పూటలా కడుపునిండ పెట్టి, వేళకు టీకాలు వేయించి, పడుకొనుటకు ఒక గోనెపట్టా పరచి, ఇంతటితో తమ ధర్మము తీరినదని తృప్తిపడువారు మనలో ఎందరో కలరు. అట్టి ఇండ్లలో ఒక కుక్క గుమ్మములోని చెప్పును నమిలి పిప్పిచేయును. మరియొకటి దిండు చీల్చి దూదిని గదియంతయు వెదజల్లును. వేరొకటి పెరటిలోని గులాబి మొదలు త్రవ్వి వేళ్లు బయటపెట్టును. ఇంటివారు దీనిని దుడుకుతనమని యెంచి దండింతురే గాని, ఒక్కొక్క కుక్క పాడుచేయు వస్తువు నందును, పాడుచేయు తీరునందును ఒక నియమమున్నదని గమనింపరు. ఆటకు తగిన వస్తువును మనము చూపనందున ఆ కుక్క తనకు నచ్చినదానిని తానే వెదకికొన్నది. అది వెదకికొన్న వస్తువే దాని స్వభావమును మనకు తెలుపు మొదటి సాక్ష్యము.

నేడు నగరములలోని అంగళ్లయందు కుక్కల ఆటవస్తువులకు కొదవ లేదు. రబ్బరు బంతులు, దూది కూరిన బొమ్మలు, నొక్కిన కీచుమనునవి, ముడులు వేసిన నూలుతాళ్లు, లోపల తినుబండారము దాచదగిన డొల్లలు, ఇట్లు వరుసగా వ్రేలాడుచుండగా, ఏది కొనవలెనో తోచక, రంగు బాగున్నదనియో, వెల తక్కువనియో ఒకటి కొనితెచ్చి, కుక్క దానిని రెండు మారులు మూచూచి వదలివేయగా, మన కుక్కకు ఆటలే గిట్టవని నిశ్చయించువారు అనేకులు. ఏ వస్తువు మంచిదను ప్రశ్నకు సమాధానము అంగడిలో దొరకదు. అది కుక్క దేహములో, దాని పూర్వుల చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రను చదువుకొని, దాని వెలుగులో మన యింటి కుక్కను పరిశీలించుటయే ఈ అధ్యాయమున మన పని.

వేటక్రమము

తోడేలు ఆహారము సంపాదించు విధమును శ్రద్ధతో గమనించినచో అది ఒకే క్రియ గాక అనేక క్రియల వరుస యని తెలియును. మొదట అది గాలిలోని వాసననో, పొదలోని కదలికనో పసిగట్టి అటు తలత్రిప్పును, పిమ్మట కన్నార్పక చూచును, పొట్ట నేలకు తాకునంతగా వంగి పొంచి సమీపించును, జంతువు బెదరి పరుగెత్తగానే తరుమును, అందినంతనే కఱచి పట్టును, పట్టినదానిని ప్రాణము పోవునట్లు మరల కఱచును, చచ్చినదానిని చీల్చును, చీల్చినదానిని తినును. అమెరికా దేశీయులైన రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు 2001లో ప్రకటించిన ‘డాగ్స్’ అను గ్రంథమునందు ఈ వరుసను ఆధారముగా గైకొని కుక్కజాతుల భేదములను వివరించిరి. తోడేలునందు ఈ వరుస సంపూర్ణము. ఒక మెట్టు ముగియుటయే తరువాతి మెట్టునకు ప్రేరణ.

కుక్క మానవుని పంచ చేరి కనీసము 14,000 ఏండ్లయినది. ఈ సుదీర్ఘకాలమందు మనుష్యుడు తన యవసరమును బట్టి, ఏ కుక్కల సంతతిని నిలుపవలెనో ఎంచుకొనుచు, ఈ వరుసలో ఒక మెట్టును పెంచి మరియొకదానిని అణచివేసెను. ఇంగ్లండు స్కాట్లండుల సరిహద్దు కొండలలో గొఱ్ఱెలను మళ్లించుటకై పెంచిన బార్డర్ కోలీయందు చూచుట, పొంచుట, తరుముట అత్యంత తీవ్రములు. కఱచుట మాత్రము అణగియుండును, ఏలయన గొఱ్ఱెను కఱచు కుక్క కాపరికి పనికిరాదు. పిట్టను చూచి కదలక నిలిచి వేటగానికి జాడ చూపు పాయింటరునందు చూపు మెట్టే స్తంభించి నిలిచిపోయినది. తుపాకి దెబ్బకు నీటిలో పడిన బాతును ఈక నలుగకుండ నోట కఱచి తెచ్చు రిట్రీవరునందు పట్టుట మిగిలి, చంపుట అణగినది. ఎలుకలను పట్టుటకై పెంచిన టెర్రియరునందు పట్టినదానిని మెడ విసరి ఝాడించుట ప్రబలమైనది. దక్కను పీఠభూమిలో కుందేళ్ల వేటకు పేరువడసిన ముధోల్ కుక్క కంటితో జాడ గుర్తించి వాయువేగమున తరుము జాతికి చెందినది; 2005లో భారత తపాలాశాఖ దేశీయ శునకములపై వెలువరించిన నాలుగు బిళ్లలలో దీనికిని, తమిళదేశపు రాజపాళయమునకును స్థానము లభించినది. ఇక మందల నడుమ పుట్టి పెరిగి తోడేళ్లనుండి వాటిని కాపాడు హిమాలయ, అనటోలియా ప్రాంతముల కావలికుక్కలలో ఈ మెట్లన్నియు ఇంచుమించు నిద్రాణములే. అట్టిదాని యెదుట బంతి దొర్లించినచో, అది బంతిని గాక మన ముఖమును చూచును.

ఇచ్చట గ్రహింపవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. ఈ క్రియలు ఆకలి తీర్చుటకు సాధనములుగా పుట్టినవే యైనను, కుక్కయందు అవి ఆకలితో సంబంధము తెంచుకొన్నవి. కడుపునిండిన కోలీ సైతము కదలు బంతిని చూచి పొంచును. దానికి ఆ పొంచుటయే ప్రతిఫలము. కావున కుక్కల ఆటలో అధికభాగము వేటయొక్క ఏదో ఒక మెట్టును మరల మరల అనుభవించుటయే. మన కుక్క ఏ మెట్టున ఆనందించునో తెలిసికొని, ఆ మెట్టునకు తగిన వస్తువు నిచ్చుటయే ఆటవస్తువుల ఎంపికలోని మర్మము.

జాతి చెప్పునది, చెప్పనిది

అట్లయినచో జాతిపేరు తెలిసినంతనే ఆటవస్తువు తెలిసిపోవును గదా యని తోచవచ్చును. అట్లు తొందరపడరాదు. 2022లో ‘సైన్స్’ పత్రికయందు వెలువడిన ఒక బృహత్పరిశోధనలో, 18,000కు పైబడిన కుక్కల యజమానులిచ్చిన సమాధానములను, వేలకొలది కుక్కల జన్యువులను పోల్చిచూడగా, ఒక కుక్కకు మరియొక కుక్కకు గల ప్రవర్తనాభేదములో జాతిచేత వివరింపదగినది సుమారు 9 శాతము మాత్రమే యని తేలినది. బంతిని కన్నెత్తి చూడని లాబ్రడార్లును, రోజంతయు బంతికొఱకు ప్రాధేయపడు పామరేనియన్లును ఉన్నవి. జాతి ఒక ఊహకు దారిచూపును. తీర్పు చెప్పవలసినది ఎదుటనున్న కుక్కయే.

మన వీథులలో పుట్టి మన యిండ్లకు చేరిన దేశవాళీ కుక్కల విషయమున ఈ మాట మరింత సత్యము. వాటి పూర్వులను ఏ వేటగాడును, ఏ కాపరియు ఒక పనికై ఏరి పెంచలేదు. అందుచేత ఒకే ఈతలోని నాలుగు పిల్లలలో ఒకటి తరుమునది, ఒకటి త్రవ్వునది, ఒకటి తాడు లాగునది, ఒకటి తోడికుక్కతో పొర్లాడుటకే ఇష్టపడునది కావచ్చును. ఇట్టి కుక్కను తెచ్చుకొన్నవారికి జాతిగ్రంథములు సాయపడవు. వారికి తమ కన్నులే ప్రమాణము.

ఎట్లు పరిశీలింపవలెను

పరిశీలనకు ఖర్చు లేదు. కుక్క నిద్రలేచి, కాలకృత్యములు తీర్చుకొని, మరీ ఆకలిగొనక హుషారుగానున్న వేళ, ఇంటిలో సందడి లేని గదిలో ఐదు వస్తువులను ఎడమెడముగా పరచవలెను. పిడికిటికంటె పెద్దదగు ఒక బంతి, పాతచీర పేలికలను జడగా అల్లి రెండు కొసల ముడివేసిన ఒక తాడు, ఒక మెత్తని గుడ్డబొమ్మ, ఒక గట్టి రబ్బరు డొల్ల, లోపల రెండు బిస్కెట్టు ముక్కలుంచి చుట్టిన ఒక తుండుగుడ్డ, ఇవి చాలును. పిదప పిలువక, ప్రోత్సహింపక, ఒక మూల కూర్చుండి చూడవలెను.

కుక్క మొదట ముట్టిన వస్తువును బట్టి నిర్ణయము చేయుట పొరపాటు. అన్నిటిని ఒక్కసారి మూచూచుట దాని సహజధర్మము. మూచూచిన పిమ్మట అది ఆ వస్తువును ఏమి చేయునో అదియే మనకు కావలసిన సమాచారము. ముంగాలితో బంతిని తట్టి, అది దొర్లగానే వెంటబడి, ఆగగానే మరల తట్టుచున్నచో అది తరుము కుక్క. గుడ్డబొమ్మను నోట కఱచుకొని, తల పైకెత్తి, తోక నాడించుచు గదిచుట్టు తిరుగుచున్నచో అది తెచ్చు కుక్క. తాడు కొసను మన యొడిలో పడవేసి నిరీక్షించునది లాగు కుక్క. బొమ్మను రెండు ముంగాళ్ల నడుమ అదిమిపట్టి, ముందుపళ్లతో కుట్టు ఉన్నచోటును వెదకి దారము నొక్కొక్క పోగుగా పెకలించునది చీల్చు కుక్క. రబ్బరు డొల్లను దవడల వెనుకభాగమునకు జరుపుకొని, కన్నులు సగము మూసి, తాపీగా కొరుకునది నమలు కుక్క. తక్కినవాటిని విడిచి ముక్కుతో తుండుగుడ్డ మడతలు విప్పునది వాసన పట్టు కుక్క. దేనిని ముట్టక వచ్చి మన మోకాలిపై తలపెట్టునది సాంగత్యమును కోరునది. అనేక కుక్కలలో రెండు మూడు లక్షణములు కలసియుండును; వయస్సుతో మారుచుండుటయు కద్దు. కావున ఈ పరీక్షను వేర్వేరు దినములలో పలుమార్లు చేసి గాని నిశ్చయమునకు రారాదు.

తరుము కుక్క, తెచ్చు కుక్క

తరుము కుక్కకు కావలసినది కదలిక. చేతిలోనున్న బంతి దానికి వస్తువు కాదు; చేయి విడిచిన బంతియే వస్తువు. బంతిని ఎత్తుగా విసరుటకంటె నేలబారుగా దొర్లించుట మేలు. ఆకసమున ఎగిరి పట్టబోయి ఒడుదుడుకుగా నేలకు దిగునప్పుడు కీళ్లకు, నడుమునకు గాయము లగును. జాగా చాలనివారు పొడవాటి కఱ్ఱకు తాడు కట్టి, తాడు కొసను గుడ్డపేలిక కట్టి నేలపై త్రిప్పుచు తరిమింపవచ్చును. అయితే ఎముకలు ముదరని పిల్లలచేత వేగపు మలుపులు త్రిప్పింపరాదు. ఆట ముగియునప్పుడు పేలికను కుక్క నోటికి చిక్కనీయవలెను. తరుముట పట్టుటతో ముగియవలెనని దాని దేహము కోరుచుండును. ఈ కారణముచేతనే లేజరు కాంతిచుక్కను గోడలపై ఆడించి కుక్కను తరిమించు వినోదము హానికరము. ఆ చుక్క ఎన్నటికి చిక్కదు. చిక్కనిదానికై వెదకి వెదకి కొన్ని కుక్కలు గోడమీది ప్రతి వెలుగును, ప్రతి నీడను పట్టబోవు వ్యాధికి లోనగును.

తెచ్చు కుక్కకు పరుగుకంటె నోటిలో ఏదో ఒకటి ఉండుటయే సంతోషము. అతిథి గడప తొక్కగానే అందిన చెప్పును కఱచుకొని ఎదురేగు లాబ్రడారును అనేకులు చూచియుందురు. అది చెప్పును పాడుచేయుటలేదు. తన జాతికి వేటగాండ్రు నేర్పిన పనిని మన గుమ్మమున నెరవేర్చుచున్నది. దానికి నోటినిండ పట్టునట్టి మెత్తని బొమ్మయు, నీటిలో తేలు తేలిక వస్తువును తగినవి. తెచ్చినదానిని తక్షణమే లాగికొనక, కొంతసేపు మోయనిచ్చి, మెచ్చుకొని, పిమ్మట తీసికొనవలెను.

ఈ తెచ్చు గుణము మనుష్యుడు క్రొత్తగా సృష్టించినదా, లేక పూర్వమే బీజరూపమున నుండెనా యను ప్రశ్నకు స్వీడను దేశమున ఒక విచిత్రమైన సమాధానము లభించినది. స్టాక్‌హోం విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు చేతులతో పెంచిన 13 తోడేలు పిల్లలకు, ఎనిమిది వారముల వయస్సున, అంతకుముందు ఎఱుగని మనుష్యునిచేత బంతి విసరించి పరీక్షింపగా, వానిలో మూడు పిల్లలు ఎవ్వరు నేర్పకయే బంతిని నోట కఱచి ఆ మనుష్యునికడకు తెచ్చినవి. 2020లో ఈ ఫలితము వెలువడినది. కావున మన పూర్వులు లేనిదానిని కల్పింపలేదు; కొన్నిటియందే పొడసూపిన గుణమును తరతరములుగా ఏరి పెంచిరి.

లాగు కుక్క

తాడులాట విషయమున చిరకాలముగా ఒక భయము వ్యాపించియున్నది. కుక్కతో తాడు లాగరాదనియు, లాగినను దానిని గెలువనీయరాదనియు, గెలిచిన కుక్క యజమానిపై పెత్తనము చెలాయించుననియు శిక్షకులు పలువురు బోధించుచు వచ్చిరి. నికోలా రూనీ, జాన్ బ్రాడ్‌షా అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు ఈ మాటను పరీక్షకు పెట్టిరి. 14 గోల్డెన్ రిట్రీవర్ కుక్కలతో తాడులాట ఆడించి, ఒక్కొక్కదానిని 20 మారులు గెలిపించి, 20 మారులు ఓడించి, ఆటకు వెనుక వాని ప్రవర్తనను కొలిచిరి. గెలుపువలన పెత్తనము పెరిగినట్లు కనబడలేదు. ఆటవలన కుక్కలు మరింత చెప్పినట్లు వినునవై, మరింత చనువు చూపినవి. 2002లో ఈ పరిశోధన వెలువడినది. వీరే అంతకుముందు గమనించిన మరియొక సంగతి యేమనగా, తోడికుక్కతో తాడు లాగునప్పుడు దానిని తన వశము చేసికొనుటకు పెనుగులాడు కుక్క, మనుష్యునితో లాగునప్పుడు మాటిమాటికి తాడును తానే తెచ్చి యిచ్చుచుండును. అనగా మనతో ఆడునప్పుడు దానికి కావలసినది తాడు కాదు, తాడు రెండవ కొసను పట్టుకొన్న మనము.

కావున లాగు కుక్కకు నిర్భయముగా తాడు నీయవచ్చును. తాడు మందముగా, నూలుదిగా, మన వ్రేళ్లకును దాని పళ్లకును నడుమ జానెడు ఎడముండునంత పొడవుగా ఉండవలెను. లాగుట నేలకు సమాంతరముగా జరుగవలెనే గాని, కుక్కను గాలిలో ఎత్తరాదు, మెడను పైకి గుంజరాదు. పాలపళ్లు రాలుచున్న పిల్లతో బలముగా లాగరాదు. ‘వదులు’ అనగానే వదలుట నేర్పి, వదలిన వెంటనే మరల తాడందించినచో, వదలుట ఆటకు అంతము కాదని అది గ్రహించును. ఆటలో గుఱ్ఱుమన్నంత మాత్రమున కోపించినదని భయపడ నక్కరలేదు. ఆటలో కుక్క నడుమనడుమ ముంగాళ్లు నేలకు చాచి, వెనుకభాగము పైకెత్తి, తోకనూపుచు వంగును. మార్క్ బెకాఫ్ అను శాస్త్రజ్ఞుడు ఆ వంగుడును సుదీర్ఘకాలము పరిశోధించి, తరువాత రానున్న కఱపులు, తరుములు ఆటకే యని తెలుపు సంకేతమిది యని వివరించెను. ఆ వంగుడు నడుమనడుమ కనబడుచున్నంతవరకు ఆట ఆటగానే యున్నదని తెలిసికొనవలెను. దేహము బిగిసి, చూపు నిలిచిపోయి, వంగుడు మానినచో ఆపివేయవలెను.

చీల్చు కుక్క, నమలు కుక్క

చీల్చు కుక్కకు కొన్న బొమ్మ ఒక్క పూటలో పీలికలగుట చూచి డబ్బు వృథాయైనదని చింతించువారు, ఆ పీలికలు చేయుటయే దానికి ఆటయని మఱచుచున్నారు. దానికి ఖరీదైన బొమ్మలతో పనిలేదు. జిగురుపట్టీలు, లోహపు పిన్నులు తీసివేసిన అట్టపెట్టెలో నలిపిన కాగితపు ఉండలను, వాని నడుమ నాలుగు తినుబండారపు ముక్కలను ఉంచి ఇచ్చినచో, అది అట్టను చించి, కాగితములను వెదజల్లి, వేటలోని చీల్చుట యను మెట్టును సంపూర్ణముగా అనుభవించును. అయితే ఈ ఆట ఎల్లప్పుడు మన కన్నుల యెదుటనే జరుగవలెను. చించుట వేరు, మ్రింగుట వేరు. మ్రింగు అలవాటున్న కుక్కకు ఇట్టి వస్తువు నీయరాదు. కీచుమను బొమ్మలలోని చిన్న ప్లాస్టిక్ ఊదుడుబిళ్ల బయటపడినంతనే తీసివేయవలెను.

నమలు కుక్క కోరునది దీర్ఘకాలపు పని. కుక్కపిల్లకు 28 పాలపళ్లు, ఎదిగిన కుక్కకు 42 పళ్లు. మూడవ నెలనుండి ఆఱు ఏడు నెలలవరకు పాలపళ్లు రాలి క్రొత్తపళ్లు మొలచుచుండగా చిగుళ్ల దురదచే ప్రతి పిల్లయు నమలు కుక్కయే యగును. అప్పుడు తడిపి గడ్డకట్టించిన గుడ్డముడియో, చల్లని కేరట్టో ఇచ్చినచో చిగుళ్లకు ఉపశమనము కలుగును. ఎదిగిన తరువాతను నమలుట మాననివానికి గట్టి రబ్బరు డొల్లలు శ్రేష్ఠములు. ఇట్టి డొల్లలలో జగత్ప్రసిద్ధమైన ‘కాంగ్’ పుట్టుక కథ వినదగినది. అమెరికాలోని కొలరాడోయందు జో మార్కమ్ అను నతడు 1970వ దశకమున తన ఫ్రిట్జ్ అను జర్మన్ షెపర్డ్ రాళ్లు నమలి పళ్లు అరుగగొట్టుకొనుచుండగా దుఃఖించి, ఫోక్స్‌వాగన్ బండిని బాగుచేయుచు దాని రబ్బరు భాగమొకటి పడవేయగా, కుక్క రాళ్లు విడిచి దానిని పట్టుకొన్నది. ఆ భాగపు ఆకారమును ఆదర్శముగా గైకొని అతడు ఆటవస్తువును రూపొందించెను.

ఆ డొల్లలో మనము ఏమి కూరవలెను? మన వంటయింటిలోనే దానికి సాధనములున్నవి. ఉప్పు, తాలింపు లేని పెరుగన్నము, ఉడికించిన గుమ్మడిముక్క, ఎముకలు తీసిన ఉడికిన కోడిమాంసము కూరి, ఫ్రిజ్జులోని మంచుగదిలో గడ్డకట్టించి యిచ్చినచో, కుక్క నాకుచు, నమలుచు, చాలసేపు నిమగ్నమై యుండును. ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్టు, జైలిటాల్ అను తీపిపదార్థము కలిసిన వేరుసెనగ వెన్న మాత్రము కుక్కలకు విషతుల్యములు, వానిని దరిజేరనీయరాదు.

వాసన పట్టు కుక్క

బీగిల్, డాక్స్‌హుండ్ వంటివియు, మన దేశవాళీలలో అనేకమును ముక్కుతో లోకమును చదువు ప్రాణులు. వానికి ఆటవస్తువనగా దాచిన వస్తువు. తుండుగుడ్డ చుట్ట విప్పుటకు అలవడిన కుక్కకు, పిమ్మట మూడు నాలుగు గిన్నెలు బోర్లించి ఒకదానిక్రింద ముక్క దాచవచ్చును. అదియు సులభమైనప్పుడు గదులలో దాచి వెదకింపవచ్చును. పది నిమిషముల ముక్కుపని పొడవైన నడకకు తీసిపోని అలసటను, తృప్తిని కలిగించుటను ఇట్టి కుక్కలను పెంచినవారు ఎఱుగుదురు. కీళ్లు పట్టిన ముసలి కుక్కకును, శస్త్రచికిత్స జరిగి పరుగెత్తరాని కుక్కకును ఇంతకు మించిన ఆట లేదు. త్రవ్వుటయే ఇష్టమైనవానికి పెరటిలో ఒక మూల ఇసుక పోసి, అందులో వస్తువులు పూడ్చి, ఇచ్చట త్రవ్వవచ్చునని నేర్పినచో పూలమొక్కలు బ్రదుకును.

ఏ వస్తువును ముట్టని సాంగత్యప్రియమైన కుక్కను ఆట రానిదని తలంపరాదు. కావలికుక్కల రక్తమున్నవానికిని, పిల్లతనమున వస్తువులతో ఆడుట ఎఱుగక వీథిలో పెరిగినవానికిని తోడికుక్కయో, నేలపై కూర్చుండిన మనుష్యుడో ఆటవస్తువు. దానికొఱకు కొనవలసినదేమియు లేదు. కేటాయింపవలసినది మన కాలము.

క్రొత్తదనము

ఒక దినము ప్రాణముగా చూచిన బొమ్మను మరునాడు కాలితో నెట్టివేయు కుక్కను చూచి అది చంచలమైనదని నిందింతుము. బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున ఆన్ పులెన్, ఆమె సహచరులు లాబ్రడార్ కుక్కలకు ఒక ఆటవస్తువును 30 సెకన్లచొప్పున మరల మరల ఇచ్చుచు, అవి విసుగుచెంది వదలువరకు వేచి, పిమ్మట రంగును, వాసనయు మారిన మరియొక వస్తువు నీయగా, అవి తొలినాటి ఉత్సాహముతో ఆడసాగినవి. అనగా అవి ఆటతో విసుగుచెందలేదు. ఆ వస్తువుతో విసుగుచెందినవి. సులభముగా నమలదగినవియు, శబ్దము చేయునవియు కుక్కలకు ఎక్కువ ప్రియమని వీరి ముందటి పరిశోధన తెలిపెను. పంటిక్రింద రూపుమారు వస్తువు, అఱచు వస్తువు వేటజంతువును తలపించును. ఎంత కొరికినను మార్పులేని వస్తువును కుక్క త్వరలో విడిచిపెట్టును.

దీనినుండి గృహస్థునకు లభించు నీతి స్పష్టము. పది బొమ్మలను ఒకేమారు నేలపై పరచి యుంచుటకంటె, రెండు మూడు మాత్రము వెలుపల నుంచి, తక్కినవి పెట్టెలో దాచి, వారమున కొకమారు మార్చుచుండుట మేలు. దాచిన బొమ్మ తిరిగి వచ్చునప్పుడు క్రొత్తదగును.

రంగు, దంతము, ప్రేవు, ఎండ

రంగు విషయమున కుక్కకన్ను మన కన్ను వంటిది కాదు. 1989లో నైట్జ్, గైస్ట్, జేకబ్స్ అను శాస్త్రజ్ఞులు దానియందు 429, 555 నానోమీటర్ల తరంగములకు మిక్కిలిగా స్పందించు రెండు విధముల వర్ణగ్రాహకములే యున్నవని నిరూపించిరి. నీలమును, పసుపును అది చక్కగా వేఱుపరచును. ఎఱుపును ఆకుపచ్చను వేఱుపరచలేదు. పచ్చికలో ఎఱ్ఱబంతిని విసరి కుక్క కనుగొనలేకపోయినదని నవ్వుటకంటె నీలిబంతిని కొనుట న్యాయము.

భద్రత విషయమున నాలుగు మాటలు చాలును. బంతి గొంతులో ఇరుకని పరిమాణమున ఉండవలెను. దవడలు పూర్తిగా తెఱచినప్పుడు లోనికి జారునది ప్రాణాంతకము. గోటితో నొక్కినచో రవ్వంతయైనను సొట్టపడని వస్తువు పంటికి చేటు. ఎండిన ఎముక, కొమ్ము, గిట్ట కొరుకుటచే పై దవడలోని నాలుగవ అగ్రచర్వణకము పగులుట పశువైద్యులు తరచుగా చూచు గాయము. టెన్నిస్ బంతి పైనూగు, దానికి అంటిన ఇసుక కలసి పళ్లను అరుగదీయును. తాడుపోగులు, దారములు మ్రింగినచో ఒక కొస పైన చిక్కుకొని, ప్రేవులు తాడు వెంబడి ముడుతలు పడి కోసికొనిపోవును. కావున పోగులు లేచిన తాడును ఆలస్యము చేయక పారవేయవలెను.

మన ప్రాంతపు ఎండలకు వేఱొక జాగ్రత్త కావలెను. కుక్కకు దేహమంతట చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దాని తాపశాంతికి ముఖ్యమార్గము. 2003లో ఒక టెలిఫోను ప్రకటన మూలమున దేశమంతట ప్రీతిపాత్రమైన పగ్ జాతికి ముక్కు కుఱుచయగుటచే ఆ మార్గమును ఇఱుకు. వేసవిలో పరుగుల ఆటను సూర్యోదయమునకు ముందో, ప్రొద్దుగ్రుంకి నేల చల్లబడిన పిమ్మటనో పెట్టుకొని, పగటిపూట వాసనపనికిని, గడ్డకట్టించిన డొల్లకును విడువవలెను. చేతి వెనుకభాగమును కొన్ని క్షణములైనను ఆనింపజాలని తారురోడ్డు కుక్కపాదమునకును నిప్పే.

మితము

ఆట మేలు చేయునంతమాత్రమున ఎంత యెక్కువయైన నంత మేలని భావింపరాదు. ఆటవస్తువులపై మక్కువ మిక్కుటముగానున్న 105 కుక్కలను యూరోపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితములలో, 33 కుక్కలు వ్యసనమును పోలిన లక్షణములు చూపినట్లు తేలినది. బొమ్మను అందనిచోట నుంచగా అవి ఆహారమును, యజమాని పిలుపును సైతము లెక్కచేయక దానివైపే చూచుచు కుమిలినవి. రోజంతయు బంతి విసరింపుమని వేధించు కుక్కతో మరింత విసరుట దాని మేలు కోరుట కాదు. బంతియాటను క్లుప్తముగా ముగించి, నెమ్మదిగా నమలుటకో, వాసన వెదకుటకో మళ్లించి, పిమ్మట విశ్రాంతి నీయవలెను. తరుముట రక్తమును ఉరికించును. నమలుట, నాకుట శాంతపరచును. వేటలోను పరుగుకు వెనుక భోజనము, భోజనమునకు వెనుక నిద్ర వచ్చును గదా!

కుక్కకు ఆటవస్తువు కొనుట ధనికుల విలాసమని తలంచుట సరికాదు. పాతచీర జడయు, అట్టపెట్టెయు, తుండుగుడ్డయు లేని యిల్లు లేదు. తోడేలునందు సంపూర్ణముగానున్న వేటక్రమమును మన అవసరములకై ముక్కలుచేసినవారము మనమే; కొండలలో గొఱ్ఱెలు లేకయే పొంచునట్టియు, చెఱువులో బాతులు లేకయే తెచ్చునట్టియు, కలుగులు లేకయే త్రవ్వునట్టియు ప్రాణులను మూడు గదుల యింటిలోనికి తెచ్చుకొన్నవారము మనమే. పని తీసివేసి కోరికను మాత్రము మిగిల్చినప్పుడు, ఆ కోరిక తీరుటకు తగిన త్రోవ చూపుట దయ కాదు, ఋణము తీర్చుట. ఆ ఋణమును తీర్చుటకు దినమునకు కొంత సమయమును, మన కుక్క యేమి కోరుచున్నదో చూడగల ఓపికయు కావలెను. ఈ రెండును ఉన్నవానికి ఏ వస్తువు కొనవలెనో ఒకరు చెప్పనక్కరలేదు.